వేసవి సెలవు: బీద విద్యార్థుల ఉన్నతవిద్యా చరిత్రలో ఒక అధ్యాయం

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు దిక్కున ఉన్న లాస్‌పేట పేరులో 'పేట' మనదే గాని 'లా' మాత్రం ఒక ఫ్రెంచి గవర్నరు ఇంటిపేరంటారు. 1761లో ఆంగ్లేయులు నేలమట్టం చేసిన నగరాన్ని 1765లో వచ్చి మళ్లీ నిలబెట్టిన ఝాఁ లా ద లారిస్టన్ ఆయన. కాగితపు ద్రవ్యంతో 1720లో ఫ్రాన్సు దేశాన్ని ముంచిన జాన్ లా అనే స్కాట్లండు పెద్దమనిషికి ఈయన తమ్ముని కొడుకు. పినతండ్రులూ పెదతండ్రులూ చేసిన అప్పులు వంశాన్ని ఎంత దూరం తరుముతాయో చెప్పడానికి ఇది మంచి కథే అయినా మన ప్రస్తుతాంశం వేరు. నేడు లాస్‌పేటకు ఉన్న ప్రసిద్ధి విద్యాలయాల వలన వచ్చినది. రవీంద్రుని శతజయంతి సంవత్సరమైన 1961లో వెలసిన టాగూరు కళాశాల ఇక్కడనే ఉన్నది. మోతీలాల్ నెహ్రూ పాలిటెక్నిక్కు, మహిళా పాలిటెక్నిక్కు కూడా ఈ పేటలోనివే.

ఇదే పాలనలో ఉన్న మరొక ఊరు యానాం. అది ఇక్కడికి ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో, గౌతమీ తీరాన, నాలుగు వైపులా ఆంధ్రదేశం చుట్టుకొని ఉన్న తెలుగు ఊరు. 1954లో ఫ్రెంచివారు అధికారం అప్పగించి వెళ్లిన తరువాత ఈ చిన్న రాజ్యభాగంలో చదువు ఒక విచిత్రమైన రూపం దాల్చినది. పుదుచ్చేరి, కారైకాల్ పిల్లలు తమిళనాడు పాఠ్యప్రణాళికను, మాహే పిల్లలు కేరళ ప్రణాళికను, యానాం పిల్లలు ఆంధ్ర ప్రణాళికను అనుసరించి దశాబ్దాల పాటు చదివినారు. ప్రభుత్వ పాఠశాలలు కేంద్ర మాధ్యమిక ప్రణాళికకు మారడం ఇటీవలి మాట. గోదావరి ఒడ్డున తెలుగులో లెక్కలు నేర్చిన జాలరి బిడ్డ ఒక వైద్య కళాశాల వాకిట నిలబడేసరికి, పక్కన నిలబడినవాడు రెండు వేసవులు ముందుగానే ఆ వాకిటికి దారి కనుక్కొని ఉంటాడు. ఈ రెండు వేసవుల తేడాయే ఈ వ్యాసానికి విషయం. దానిని పూడ్చడానికి జరిగిన ప్రయత్నాలలో విస్తృతమైనవి తెలుగునాట జరిగినవి గనుక కొంతసేపు అటు వెళ్లవలసి ఉన్నది.

దీర్ఘమైన వేసవి సెలవు మన సంప్రదాయం కాదు. వీధిబడి పంతులు అమావాస్యకూ పౌర్ణమికీ, పండుగలకూ, కోతలకూ బడి మూసేవాడు. ఏకబిగిన నెలన్నర మూత అనేది ఆంగ్లేయుల పాలనతో వచ్చినది. ఎండలకు తాళలేక మద్రాసు ప్రభుత్వం ఉదకమండలానికి తరలిపోతే న్యాయస్థానాలూ కళాశాలలూ తలుపులు వేసుకొన్నవి. దొరలు కొండలెక్కిన కాలం మనకు సెలవు కాలమైనది. ఆ సెలవు అందరికీ ఒకే విధమైన సెలవని అనుకోవడమే తరువాతి కాలపు పెద్ద పొరపాటు.

ఏప్రిల్ చివర సంక్షేమ వసతిగృహం మూయగానే ట్రంకుపెట్టె పట్టుకొని ఇల్లు చేరిన పిల్లవానికి ఎదురయ్యేది ఏమిటి? గోదావరి అడవులలో తునికాకు కోసే కాలం అది. ఇటుక బట్టీలు తొలకరి పడేదాకా ఆరవు. గుంటూరు సీమలో మిరపకోతల చివరి విడత మిగిలి ఉంటుంది. ఉపాధి హామీ మట్టిపనులు ముమ్మరంగా సాగేదీ అప్పుడే. ఆడపిల్లకు ఇంకొక గండం ఉన్నది. వైశాఖ జ్యేష్ఠ మాసాలు ముహూర్తాల రోజులు. బడి తెరిచిననాడు హాజరుపట్టీలో పేరు పిలిస్తే పలకని పిల్లలలో కొందరు ఆ నెలన్నరలోనే పెళ్లిపీటల మీద కూర్చున్నవారు. అదే కాలంలో పట్టణాలలో కలిగిన ఇంటి బిడ్డ పదవ తరగతి పరీక్ష రాసిన వారానికే 'బ్రిడ్జి కోర్సు' పేరిట ఇంటర్మీడియెటు పాఠాలు మొదలుపెడతాడు. అసలు విద్యాసంవత్సరం జూనులో ఆరంభమయ్యేనాటికి అతనికి అధ్యాయాలు కొన్ని పూర్తయి ఉంటాయి.

తెలుగునాట ఈ అంతరాన్ని పూడ్చే ప్రయత్నాలలో పేరెన్నదగినది సర్వేల్ గురుకులం. అంతకు ముందు విద్యామంత్రిగా ఉండి, 1971 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయిన పి.వి. నరసింహారావు అదే సంవత్సరం నవంబరు 23న నాటి నల్లగొండ జిల్లాలోని ఆ పల్లెలో దీనిని ప్రారంభింపజేసినారు. మరుసటి ఏడు గుంటూరు జిల్లా తాడికొండలో ఒకటి, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో ఒకటి వెలసినవి. పల్లె బడులలో చదివే పిల్లలను ప్రవేశపరీక్షతో ఏరి, తిండీ బట్టా పుస్తకమూ ఇచ్చి, ఉపాధ్యాయుడు కూడా ఆవరణలోనే కాపురముండేటట్లు ఏర్పాటు చేయడం అందులోని కిటుకు. అక్కడి నుండి వైద్యులు, శాస్త్రజ్ఞులు, అఖిలభారత సర్వీసుల అధికారులు వచ్చినారు. తరువాత కేంద్రంలో మానవవనరుల మంత్రిగా ఉన్నప్పుడు ఆయన కాలంలోనే 1986 జాతీయ విద్యావిధానం వచ్చి నవోదయ విద్యాలయాలు దేశమంతటా వ్యాపించినవి. యానాంలో సైతం ఒకటి ఉన్నది.

సర్వేల్ ఎన్నుకొన్నది ప్రతిభను. అసలు ప్రతిభ ఉన్నదో లేదో పరీక్షించే అవకాశమే రాని కులాల సంగతి? ఈ ప్రశ్న వేసినవారిలో సాంఘిక సంక్షేమ శాఖను నడిపిన ఎస్.ఆర్. శంకరన్ ముఖ్యుడు. వెట్టి కూలీల విముక్తికై పాటుపడిన ఈ బ్రహ్మచారి అధికారి ప్రభావంతో 1980లలో దళిత బాలబాలికలకు ప్రత్యేక గురుకులాలు ఏర్పడినవి. అయినా అవి కూడా వేసవి రాగానే తాళం వేసుకొనేవి.

ఆ తాళం తీయించినది 2012లో ఈ సంస్థకు కార్యదర్శిగా వచ్చిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. అలంపురంలో దళిత కుటుంబంలో పుట్టి, పోలీసు అధికారియై, హార్వర్డులో చదివి వచ్చినవాడు గనుక పెద్ద విశ్వవిద్యాలయం లోపల ఎట్లా ఉంటుందో ఆయన కంటితో చూసినాడు. 2021లో ఉద్యోగం వదలేవరకు సాగిన ఆయన హయాంలో 'సమ్మర్ సమురాయ్' పేరిట వేసవి శిబిరాలు నడిచినవి. పేరు జపాను యోధులది కావడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. కాని అందులో జరిగినది మాత్రం వట్టి పరీక్షల బట్టీ కాదు. ఆంగ్లభాషణం, కంప్యూటరు, నాటకం, చిత్రలేఖనం, గుర్రపుస్వారీ వంటివి నేర్పినారు. కలిగినవారి బిడ్డ ఇంటి గాలిలోనే పీల్చుకొనే ధైర్యాన్ని వేసవి వారాలలో నేర్పవచ్చునా అన్నదే అక్కడి పరీక్ష. 2014 మే 25న ఈ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కినారు. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. వారు మొదట బండలెక్కడం నేర్చినది భువనగిరి కోటగుట్ట మీద. సర్వేల్ ఉన్నదీ ఇప్పటి ఆ జిల్లాలోనే. హైదరాబాదు శివారులోని గౌలిదొడ్డి గురుకులంలో ఇంటర్మీడియెటుతో పాటు ఐ.ఐ.టి., వైద్యవిద్యా ప్రవేశపరీక్షలకు శిక్షణ ఇచ్చినారు. అక్కడి నుండీ తక్కిన గురుకులాల నుండీ పిల్లలు ఐ.ఐ.టి.లకూ, వైద్యకళాశాలలకూ, ఢిల్లీ విశ్వవిద్యాలయానికీ, బెంగుళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయానికీ వెళ్లినారు.

శిఖరం ఎక్కిన ఇద్దరి చిత్రపటం గోడకు వేలాడదీసినంత సులువు కాదు, ఎక్కని వేలమంది మాట. ఈ విషయంలో విదేశాల అనుభవం మనకు ఉపయోగిస్తుంది. అమెరికాలో అధ్యక్షుడు జాన్సన్ దారిద్ర్యంపై యుద్ధం ప్రకటించిన రోజులలో, 1965 వేసవిలో పదిహేడు కళాశాలల ఆవరణలలో 'అప్‌వర్డ్ బౌండ్' అనే పథకం మొదలైనది. పేద పిల్లలను వేసవిలో తెచ్చి కళాశాలలోనే ఉంచి చదివించడం దాని పద్ధతి. ఇంగ్లండులో 1997లో పీటర్ లాంపుల్ అనే ధనికుడు ఆక్స్‌ఫర్డులో ఇటువంటి వేసవి బడే పెట్టించినాడు. అమెరికా పథకాన్ని తరువాత కొలిచి చూసినవారికి ఒక వింత కనబడినది. మొత్తం మీద ఫలితం పలుచగానే ఉన్నది. అయితే మొదట కళాశాల చదువు మీద పెద్దగా ఆశ పెట్టుకోని పిల్లలకు మేలు స్పష్టంగా కలిగినది. పట్టుదల ఉన్నవాడు శిబిరం లేకున్నా ఏదో దారిని పోయేవాడే. తనకు ఆ దారి ఉన్నదని తెలియనివానికే శిబిరం నిజంగా పనికివచ్చినది. మన పథకాలలో చాలావరకు దీనికి తలక్రిందులుగా నడుస్తున్నవి. పరీక్ష పెట్టి, ముందే వెలుగుతున్న దీపాలను ఏరి, వాటికే నూనె పోస్తున్నాము. ఇందువలన లెక్కలు బాగా కనబడతాయి, నిజమే. ప్రభుత్వాలకు లెక్కలు కావలెను గదా!

వేసవిలో బీదపిల్లలు నేర్చినది మరచిపోతారని బాల్టిమోర్ నగరంలో 1982 నుండి పిల్లలను వెంబడించి పరిశీలించిన సామాజికశాస్త్రజ్ఞులు చెప్పినారు. ఆ నష్టం వారు చెప్పినంత లేదని ఈ మధ్య మరికొందరు వాదిస్తున్నారు. ఆ వాదం ఎట్లు తేలినా తునికాకు కట్టలు కట్టే పిల్లవాని విషయంలో మరపు ఒక్కటే సమస్య కాదు.

పుదుచ్చేరికి తిరిగి వద్దాము. ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి వైద్యవిద్యలో తమిళనాడు 2020లో నూటికి ఏడున్నర స్థానాలు ప్రత్యేకించినది. 2023లో పుదుచ్చేరి నూటికి పది ప్రత్యేకించినది. ఇది ఘనమైన నిర్ణయమే. కాని ఆ స్థానంలో కూర్చోవాలన్నా 'నీట్' పరీక్షలో అర్హత మార్కు దాటక తప్పదు. ఆ పరీక్షను 2017 నుండి తెలుగులో రాయవచ్చును. అయితే పట్టణాలలో శిక్షణ ఇచ్చే సంస్థల పాఠాలూ అభ్యాసపత్రాలూ ఎక్కువగా ఆంగ్లంలోనివే. పైగా అది జరిగేది సాధారణంగా మే మొదటి ఆదివారం నాడు. పన్నెండవ తరగతి పరీక్షలు ముగిసి, ప్రభుత్వ బడి తలుపులు మూసి, ఉపాధ్యాయుడు తన ఊరికి పోయిన వారాలే దానికి ముందటి చివరి వారాలు. కలిగినవానికి ఆ వారాలలో దినానికొక నమూనాపరీక్ష ఉంటుంది. మొదటి ప్రయత్నంలో తప్పితే జూనులో 'లాంగ్ టర్మ్' శిక్షణలో చేరి మరొక సంవత్సరం కూర్చోగల స్తోమతు ఉంటుంది. యానాం జాలరిపేటలో అదే వారాలలో సముద్రంపై వేటనిషేధం నడుస్తూ ఉంటుంది. ఏప్రిల్ నడిమి నుండి జూను నడిమి దాకా తూర్పుతీరమంతటా మరపడవలు ఒడ్డునే ఉంటాయి. ఇంట్లో రాబడి లేని ఆ రెండు నెలలలో పిల్లవాడు పుస్తకం పట్టుకొని కూర్చోవలెనంటే అతనికి ఒక గది, ఒక గురువు, పూటకు భోజనం కావలెను.