మ్యూరెన్‌కు మీటర్ గేజి

గూడ్స్ గార్డుగా ముప్పై మూడేళ్లు పనిచేశాను. మొదటి పదేళ్లు కాచిగూడ నుంచి నిజామాబాద్ మీదుగా పోయే మీటర్ గేజి లైను మీదే గడిచాయి. అది బ్రాడ్ గేజి అయ్యాక మళ్లీ మీటర్ గేజి బండి ఎక్కుతాననుకోలేదు. పోయిన జనవరిలో ఎక్కాను. స్విట్జర్లాండ్‌లో, గ్రూచాల్ప్ అనే కొండ అంచు నుంచి మ్యూరెన్ అనే ఊరికి. పట్టాలు చూడగానే గుర్తుపట్టాను. 1891లో వేసిన లైను, పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, మొదటి రోజు నుంచీ కరెంటు బండే. ఆ ఏటికి మన వైపు కాచిగూడ–మన్మాడ్ లైను ఇంకా పుట్టనే లేదు.

స్టుట్‌గార్ట్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి ఒక్కణ్ణే బయల్దేరాను. "ఒక్కడివే ఎందుకు నాన్నా, గ్రూపుతో పో" అంది. గ్రూపులో వెళ్తే వాళ్లు దింపిన చోట దిగాలి, పిలవగానే ఎక్కాలి. ఆ పని జీవితమంతా చేశాను. పెన్షన్ డబ్బులకు తగ్గట్టు లెక్క వేసుకున్నాను: లోయలో లౌటర్‌బ్రున్నెన్ దగ్గర ఎనిమిది పడకల హాస్టల్ గదిలో ఒక మంచం, రైళ్లకు సగం చార్జీ కార్డు, సంచిలో బియ్యం, కందిపప్పు, సీసాడు ఆవకాయ. స్కీలు, బూట్లు అద్దెకు. లిఫ్టుకు మధ్యాహ్నం నుంచి చెల్లే సగం రోజు టికెట్టు. నాలుగు రోజులు నడిచింది.

ఇంతకంటే చవకైన కొండలు యూరప్‌లో చాలా ఉన్నాయి. నేను మ్యూరెనే పట్టుకోవడానికి కారణం ఒక పుట్టిన ఊరు. నేటి స్లాలమ్ పోటీని, అంటే జంట జెండాల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ కిందికి దిగే పందేన్ని మ్యూరెన్‌లోనే రూపుదిద్దిన ఆర్నాల్డ్ లన్ 1888 ఏప్రిల్‌లో మద్రాసులో పుట్టాడు. మన కోస్తా, సీమ జిల్లాలన్నిటికీ అప్పట్లో రాజధాని అయిన మద్రాసులోనే.

తండ్రి హెన్రీ లన్ మెథడిస్టు మిషనరీ, డాక్టరు. 1887లో వచ్చాడు, ఏడాది తిరిగేసరికి ఆరోగ్యం చెడి వెళ్లిపోయాడు. వెళ్లి ఊరుకోలేదు. ఇండియాలో మిషనరీలు తాము సేవ చేసే జనానికి అందనంత దర్జాగా బతుకుతున్నారని పత్రికలో రాశాడు. పెద్ద గొడవైంది. చివరికి మెథడిస్టు సంఘంలో పాస్టరు పనికే దూరమయ్యాడు. సొంతవాళ్ల మీద అంత మాట రాసిన మనిషంటే నాకు గౌరవం.

1892లో వేర్వేరు చర్చిల వాళ్లను కలిపి మాట్లాడించాలని హెన్రీ స్విట్జర్లాండ్‌లోని గ్రిండెల్‌వాల్డ్‌లో సభ పెట్టాడు. ఇంగ్లండ్ నుంచి అంతమందిని తేవాలంటే రైలు, ఓడ, హోటలు అన్నీ ఒకే ధరకు కుదర్చాలి. కుదిర్చాడు. చర్చిలు కలవలేదు గానీ ప్రయాణాల వ్యాపారం పుట్టింది. 1898లో శీతాకాలపు బృందాన్ని ఫ్రాన్స్‌లోని షమొనీకి తీసుకెళ్లాడు. పదేళ్ల ఆర్నాల్డ్ స్కీలు మొదటిసారి కట్టుకున్నది అక్కడే.

తర్వాత జరిగింది నాకు మింగుడుపడదు. మిషనరీల దర్జాను తప్పుపట్టిన ఆ హెన్రీయే పబ్లిక్ స్కూల్స్ ఆల్పైన్ స్పోర్ట్స్ క్లబ్ అని ఒకటి పెట్టాడు. పేరున్న బడుల్లో, యూనివర్సిటీల్లో చదివినవాళ్లకూ సైనిక అధికారులకూ మాత్రమే అందులో చోటు. శీతాకాలంలో మంచి హోటళ్లు ఆ క్లబ్బు చేతిలో ఉండేవి. చిన్న ఉద్యోగి డబ్బు కూడబెట్టుకుని వచ్చినా ఆ గుమ్మం దాటలేడు. హెన్రీ స్వయంగా లింకన్‌షైర్ వర్తకుల బిడ్డ. అందుకే ఆయన చేసిన పనుల్లో ఇది నాకు అన్నిటికంటే చిన్నదిగా కనిపిస్తుంది.

రైలు సంగతికి వస్తే ఆయనకు దండం పెట్టాలి. మ్యూరెన్ 1,638 మీటర్ల ఎత్తున కొండచరియ మీద ఉంది. వేసవిలోనే మనుషులొచ్చేవాళ్లు, శీతాకాలంలో రైలూ హోటళ్లూ మూసేసేవాళ్లు. మనుషులు లేరని బండి నడపరు, బండి లేదని మనుషులు రారు. ఈ చిక్కుముడి ఏ రైల్వేవాడికైనా తెలుసు. మనుషుల్ని నేను తెస్తానని హెన్రీ ఒప్పించాడు. 1910–11 శీతాకాలంలో బండి నడిచింది. నేను ఎక్కిన బండి ఆ మాట మీదే వందేళ్లు దాటి నడుస్తోంది.

కొడుకు కథ వేరు. 1909లో వేల్స్‌లో కొండ ఎక్కుతూ పడి ఆర్నాల్డ్ కాలు చితికింది. రెండో కాలికంటే పొట్టిగా అతుక్కుంది. ఆ కాలితోనే జీవితాంతం స్కీయింగ్ చేశాడు. అప్పటివరకు మలుపు పందేల్లో మార్కులు వేసేది మలుపు ఎంత సొగసుగా తిరిగారన్నదాన్ని బట్టి. ఆర్నాల్డ్‌కు అది నచ్చలేదు. మలుపు ఉన్నది వేగంగా దిగడానికి కాబట్టి గడియారమే తీర్పు చెప్పాలన్నాడు. 1922 జనవరిలో మ్యూరెన్ వాలు మీద జెండాలు పాతి ఆ లెక్కన మొదటి పందెం పెట్టాడు. అందులో నాకు కనిపించేది న్యాయం. సొగసు చూసే కన్ను ఎవరిదన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. గడియారం ఏ బడిలో చదివావని అడగదు.

స్కీయింగ్‌కు పుట్టిల్లయిన నార్వే వాళ్లు ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. వాళ్ల దృష్టిలో పందెమంటే మైదానాల్లో దూరం పోవడం, ఎత్తు నుంచి దూకడం. 1930లో వాళ్ల రాజధాని ఓస్లోలోనే అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఈ పందేలను గుర్తించింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మొదటి ప్రపంచ పోటీలు మ్యూరెన్‌లో జరిగాయి. ఆడవాళ్ల స్లాలమ్, డౌన్‌హిల్ పందేలు రెండూ ఎస్మే మెకినన్ అనే బ్రిటిష్ అమ్మాయి గెలిచింది.

ఇంకో పేరు చెప్పాలి. 1924లో ఆర్నాల్డ్ వాళ్లు మ్యూరెన్‌లో పెట్టిన క్లబ్బు పేరు కాందహార్. మంచుకొండల్లో ఆఫ్ఘన్ ఊరి పేరేమిటంటే, 1911లో ఒక స్కీ పందేనికి కప్పు ఇచ్చినవాడు ఫీల్డ్ మార్షల్ రాబర్ట్స్. ఆయన పుట్టింది కాన్పూరులో, బిరుదు కాందహార్ యుద్ధం మీద వచ్చింది, 1881 నుంచి నాలుగేళ్లు మద్రాసు సైన్యానికి అధిపతి. జర్మనీలో గార్మిష్ దగ్గర పందేల వాలును ఇప్పటికీ కాందహార్ అనే పిలుస్తారు.

హెన్రీ మూసిన గుమ్మాన్ని తెరిచినవాళ్లలో నాకు ఇష్టమైన మనిషి ఎర్నా లో. వియన్నా అమ్మాయి, లండన్‌లో చదువుకునేది. తల్లిని చూడ్డానికి ఇంటికి వెళ్లాలి, చేతిలో డబ్బులేదు. 1932లో మార్నింగ్ పోస్ట్ పత్రికలో ప్రకటన వేసింది: ఆస్ట్రియాకు రెండు వారాల స్కీ ప్రయాణం, మనిషికి 15 పౌన్లు. మనుషులు దొరికారు, ఆమెకు ఇంటికి దారీ దొరికింది. అదే ఆమెకు జీవితాంతం వృత్తి అయింది.

మూడో రోజు మధ్యాహ్నం పిల్లలు నేర్చుకునే వాలు మీద పడకుండా కింద దాకా దిగాను. వంద మీటర్లు కూడా ఉండదేమో. పక్కన ఐదేళ్ల పాప ఒకతి చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం హాస్టల్ వంటగదిలో వండుకున్న పప్పన్నం రుచి ఇంకా నాలుక మీదుంది.

మనవాళ్లు స్విట్జర్లాండ్ వెళ్తే లౌటర్‌బ్రున్నెన్ మీదుగా యుంగ్‌ఫ్రావ్ చూసి వచ్చేస్తారు. ఈసారి వెళ్లేవాళ్లు ఒక్క పూట మిగుల్చుకోండి. స్టేషనుకు ఎదురుగా కేబుల్ కారు ఎక్కితే గ్రూచాల్ప్, అక్కడ మన మీటర్ గేజి బండి. మ్యూరెన్‌లో ఆర్నాల్డ్ లన్ పేరిట ఒక రాయి నిలబెట్టారు. దాని మీద 1922 ఉంది, 1931 ఉంది. 1888 మద్రాసు సంగతి మీ పిల్లలకు మీరు చెప్పండి.