వాడకు సేవ చేయడానికా, వాడ దగ్గర నేర్చుకోవడానికా?

కాలేజీ విద్యార్థుల సామాజిక సేవ, సాయంకాలపు బడి: ఒక కరదీపిక

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మన వాడల్లోకి కాలేజీ విద్యార్థులు వస్తారు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో సర్వే ఫారం. నాలుగు రోజులు తిరుగుతారు, వీధి ఊడుస్తారు, పిల్లలను కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిస్తారు, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి వెళ్లిపోతారు. వెళ్లాక వాడకు ఏం మిగిలింది? వచ్చినవాళ్లు ఏం నేర్చుకున్నారు? ఈసారి వెళ్లబోయే విద్యార్థులు ముందే ఈ రెండు ప్రశ్నలూ వేసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. వాడ తనంతట తాను వెనకబడలేదు, దాన్ని వెనక్కి నెట్టారు. సేవ పేరుతో వెళ్లిన విద్యార్థి ఆ నెట్టిన చేతిని చూడకుండా తిరిగొస్తే ఎన్ని గంటలు పనిచేసినా ఏమీ నేర్చుకోనట్టే.

ఏ పథకాల కింద వెళ్తున్నారు?

అన్నిటికన్నా పాతది జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. వలంటీర్ ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. దీనికి తోడు దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. 'నా కోసం కాదు, నీ కోసం' అన్నది దీని నినాదం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో సవరించిన డిగ్రీ పాఠ్య ప్రణాళిక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం పూర్తయ్యాక వేసవి సెలవుల్లో విద్యార్థి 180 గంటలు ఒక గ్రామంలోనో బస్తీలోనో పనిచేయాలి. ముందు సర్వే, తర్వాత అవగాహన కార్యక్రమాలు, ఆ తర్వాత జనంతో కలిసి పని, చివర నివేదిక. రోజూ లాగ్‌బుక్ రాయాలి. దీనికి మార్కులు, క్రెడిట్లు ఉన్నాయి.

2014లో మొదలైన ఉన్నత భారత్ అభియాన్ కింద ఉన్నత విద్యాసంస్థలు ఐదేసి గ్రామాలను ఎంచుకుని పనిచేయాలి. 2022 నుంచి 2027 వరకు అమలయ్యే నవభారత్ సాక్షరతా కార్యక్రమం, అంటే 'ఉల్లాస్', చదువురాని పెద్దలకు వలంటీర్ల ద్వారా చదువు చెప్పిస్తుంది. ఐదేళ్లలో ఐదు కోట్ల మందికి చదువు నేర్పాలన్నది దాని లక్ష్యం.

ఇలా చాలా పథకాలు ఉన్నాయి. ఎన్ని గంటలు పనిచేశారో, ఎన్ని ఇళ్లు తిరిగారో లెక్క తీస్తారు. వాడకు వెళ్లిన విద్యార్థి అక్కడ మంచినీళ్లు తాగాడా లేదా అన్నది మాత్రం ఏ లాగ్‌బుక్‌లోనూ కనిపించదు.

ఈ బాట వేసింది మనవాళ్లే

సామాజిక సేవ అంటే పైనున్నవాళ్లు కిందికి దిగివచ్చి చేసేదనే భావన చాలామందిలో ఉంది. చరిత్ర అలా లేదు. 1848లో జోతిరావు, సావిత్రీబాయి ఫూలేలు పూణేలో ఆడపిల్లల కోసం బడి పెట్టారు. ఆ తర్వాత మహార్, మాంగ్ పిల్లలకు బడులు, 1855లో పగలంతా కష్టపడే రైతులకు, కూలీలకు రాత్రిబడి నడిపారు. ఆ ఏడాదే వారి దగ్గర చదువుకున్న మాంగ్ బాలిక ముక్తా సాల్వే తన కులస్తులు పడుతున్న బాధ గురించి రాసిన వ్యాసం 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. చదువు చెప్పడం అంటే ఏమిటో తెలియాలంటే ఇది చాలు. బడికి వచ్చిన పిల్ల అక్షరాలు దిద్దడంతో ఆగలేదు. తన మనుషులను అలా చూసే మతాన్ని, లోకాన్ని నిలదీసింది.

1924లో అంబేద్కర్ బహిష్కృత హితకారిణి సభను స్థాపించారు. హాస్టళ్లు, గ్రంథాలయాలు, చదువరుల బృందాలు దాని పనుల్లో ముఖ్యమైనవి. మరుసటి ఏడాదే షోలాపూర్‌లో హాస్టల్ తెరిచారు. మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం స్థాపించి, దళిత పిల్లల కోసం బడులు నడిపారు. 1917లో బెజవాడలో ఆయన అధ్యక్షతన జరిగిన సభ 'పంచములు' అన్న పేరును తోసిపుచ్చి 'ఆది ఆంధ్రులం' అని ప్రకటించింది. బడి పెట్టినవాళ్లే పేరు మార్చుకునే హక్కు కోసమూ నిలబడ్డారు. వాళ్లకు అవి రెండు వేర్వేరు పనులు కావు.

దూబగుంట నేర్పిన పాఠం

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. జీతం తీసుకోని వలంటీర్లు సాయంత్రం పూట కూలి ఆడవాళ్లకు చదువు చెప్పారు. వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. ఊళ్లో సారా దుకాణాన్ని ఆడవాళ్లంతా కలిసి మూయించిన కథ అది. దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు, ఈ కథ మన ఊళ్లో ఎందుకు జరగదు అని ప్రశ్నించుకుని, సారా దుకాణం మీదికి కదిలారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. దళిత, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్లు ముందు నిలిచి 1992లో ఉద్యమాన్ని ఊరూరికీ తీసుకెళ్లారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించడం వేరే కథ.

వలంటీరు చెప్పింది పాఠం మాత్రమే. ఏం చేయాలో నిర్ణయించుకున్నది నేర్చుకున్నవాళ్లు. వాడలో చదువు చెప్పే ప్రతి విద్యార్థీ గుర్తుంచుకోవాల్సిన తేడా ఇదే. వాళ్ల తరఫున మనం మాట్లాడటం కాదు, వాళ్లు మాట్లాడినప్పుడు పక్కన నిలబడటం మన పని.

శిబిరంలోకి కూడా కులం వస్తుంది

విద్యార్థుల బృందం వాడకు వెళ్లేటప్పుడు కులాన్ని క్యాంపస్‌లో వదిలి వెళ్లదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి వెలివేతకు గురైన ఐదుగురు దళిత విద్యార్థులు క్యాంపస్‌లోనే ఆరుబయట పడుకున్నారు. ఆ చోటుకు 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న మనకు దూరమయ్యాడు. వెలివాడ ఊరి చివర మాత్రమే లేదని ఆ డేరా చెప్పింది.

అందుకే బయల్దేరే ముందు బృందం తనను తాను చూసుకోవాలి. శిబిరంలో వంట ఎవరు చేస్తున్నారు, గిన్నెలు, మరుగుదొడ్లు ఎవరు కడుగుతున్నారు, వేదిక మీద ఎవరు మాట్లాడుతున్నారు, నివేదిక మీద ఎవరి పేరు ముందుంది? ఈ పనులు వంతులవారీగా జరగాలి. చీపురు ప్రతిసారీ ఒకే కులం పిల్లల చేతికి వెళ్తుంటే దాన్ని శ్రమదానం అనకూడదు, వివక్ష అనాలి. కాలేజీలోని ఎస్సీ, ఎస్టీ సెల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.

దళిత విద్యార్థుల సంగతి ఇంకొకటి ఉంది. 'నీకు తెలిసిన చోటే కదా' అంటూ వాళ్లను వాడకు దారి చూపేవాళ్లుగా వాడుకోవడం మామూలైపోయింది. తన తల్లిలాంటి మనిషిని 'లబ్ధిదారు' గడిలో రాయాల్సి రావడం చిన్న కష్టం కాదు. తన కులం చెప్పుకోవాలా వద్దా అన్నది ఆ విద్యార్థి ఇష్టం. ఎవరూ ఒత్తిడి చేయకూడదు. ఆమెకో అతనికో వాడ గురించి తెలిసినది సమాచారం కాదు, జ్ఞానం. దానికి తగిన స్థానం, మార్కు దక్కాలి.

సర్వే ఎలా చేయాలి?

ముందుగా వాడ పెద్దలను, ఆడవాళ్ల సంఘాన్ని కలిసి ఎందుకు వచ్చారో చెప్పండి. పగలు పదింటికి తలుపు తట్టకండి. ఆ వేళకు కూలికి వెళ్లినవాళ్లు ఇంట్లో ఉండరు. అడగకుండా ఫొటోలు తీయకండి. ఇచ్చిన నీళ్లు తాగండి, పిలిస్తే కూర్చుని తినండి.

ఆదాయం, మరుగుదొడ్డి, గ్యాసు పొయ్యి గురించి మాత్రమే అడిగే ఫారం సరిపోదు. వీటిని కూడా చేర్చండి:

- మంచినీటి కుళాయి వాడలో ఉందా, ఊళ్లో ఉందా? ట్యాంకు నీళ్లు చివరికి ఎవరికి చేరతాయి?
- అంగన్‌వాడీ, బడి, రేషన్ దుకాణం ఏ వీధిలో ఉన్నాయి? వాడ నుంచి నడక ఎంత?
- మధ్యాహ్న భోజనంలో పిల్లలు కలిసి కూర్చుంటున్నారా? దళిత మహిళ వండితే అందరూ తింటున్నారా?
- టీ దుకాణంలో గ్లాసులు వేరా? క్షవరం దుకాణంలోకి రానిస్తారా?
- శ్మశానం ఉందా? దానికి దారి ఉందా?
- భూమి ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నుతున్నారు?

సర్వే పూర్తయ్యాక దాన్ని ముందు వాడవాళ్లకే చదివి వినిపించాలి. తప్పులు వాళ్లే దిద్దుతారు. ఒక ప్రతి వాడలోనే ఉండాలి. గ్రామసభలో పెట్టాలా, అర్జీ రాయాలా అన్నది వాళ్లు తేల్చుకుంటారు. అధికారుల దగ్గర ఉన్న లెక్కలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

సాయంకాలపు బడి ఎలా నడపాలి?

మొదటి నియమం: ఏడు రోజులకు బడి పెట్టకండి. వారం చెప్పి మాయమైతే పిల్లలకు మిగిలేది ఇంకొకరు వదిలేసి వెళ్లారన్న భావన మాత్రమే. ముగ్గురు నలుగురు విద్యార్థులు వంతులు వేసుకుని వారానికి రెండు రోజులైనా ఏడాది పొడవునా రాగలిగితేనే మొదలుపెట్టండి. చోటు కమ్యూనిటీ హాలు కావచ్చు, చర్చి కావచ్చు, అంబేద్కర్ విగ్రహం దగ్గరి అరుగు కావచ్చు. దీపం, నీళ్లు, ఆడపిల్లలు క్షేమంగా ఇంటికి చేరే ఏర్పాటు ఉండాలి.

తరగతిని బట్టి కాకుండా, చదవగలిగిన స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టండి. ఆరో తరగతి పిల్లవాడు వాక్యం చదవలేకపోతే ఆరో తరగతి పాఠం బట్టీ పట్టించి లాభం లేదు. అక్షరాలు, పదాలు, వాక్యాలు, చిన్న కథలు అంటూ మెట్లు పెట్టుకోండి. రెండు నెలలకోసారి ఎవరు ఏ మెట్టు ఎక్కారో చూడండి.

పిల్లలు మాట్లాడే తెలుగును తప్పు అనకండి. 'అట్ల అనగూడదు, ఇట్ల అనాలి' అని మొదటి రోజే దిద్దితే ఆ పిల్ల రెండోరోజు నోరు విప్పదు. తన మాటలో చెప్పనిచ్చి, రాయనిచ్చి, ఆ తర్వాత పుస్తకం మాట నేర్పండి. అలాగని ఇంగ్లీషును దూరం పెట్టకండి. మన పిల్లలకు ఇంగ్లీషు ఎందుకని అనేవాళ్ల పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నారో వాడకు తెలుసు. కూలి లెక్క, వడ్డీ లెక్క, రేషన్ తూకం గణితానికి మంచి పాఠాలు.

పాఠంతోపాటు దారులు కూడా చూపాలి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఐదో తరగతి ప్రవేశానికి నాలుగో తరగతి పిల్లలను సిద్ధం చేయవచ్చు. ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి చదివేవాళ్లు ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12 వేల రూపాయల ఉపకార వేతనం వస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు చివరి నిమిషంలో దొరక్క ఆగిపోయే పిల్లలు ఉంటారు. ఆ కాగితాల పని ముందే పూర్తిచేయించడం కూడా చదువు చెప్పడమే.

వాడలో పదో తరగతో ఇంటరో చదివిన అక్కనో అన్ననో మొదటి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు వెళ్లాక బడి నడిపేది వాళ్లే.

బడికి బదులు బడి కాదు

సాయంకాలపు బడి ప్రభుత్వ బడికి ప్రత్యామ్నాయం కాదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత విద్య రాజ్యాంగంలోని 21ఎ అధికరణ ఇచ్చిన హక్కు. విద్యాహక్కు చట్టం 8వ సెక్షన్ ప్రకారం బలహీన, వెనకబడిన వర్గాల పిల్లలు వివక్షకు గురికాకుండా చూడాల్సింది ప్రభుత్వమే. 17వ సెక్షన్ కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధిస్తుంది. 21వ సెక్షన్ కింద ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. బలహీన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటు ఉండాలి. టీచరు రాకపోయినా, పిల్లలను విడిగా కూర్చోబెట్టినా అడగాల్సిన చోటు అదే. వాడ తల్లులను ఆ కమిటీలోకి వెళ్లేలా కూడగట్టండి.

సర్వేలో అంటరానితనం బయటపడితే నివేదికలో ఒక పేరా రాసి ఊరుకోకండి. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 2015 సవరణ తర్వాత, 3(1)(జెడ్‌ఏ) సెక్షన్ కింద నీటి వనరులు, శ్మశానం, గుడి, బడి, ఆసుపత్రి, దుకాణం వద్ద అడ్డగించడాన్ని నేరంగా పేర్కొంది. అయితే ఫిర్యాదు చేయాలా, ఎప్పుడు చేయాలా అన్నది ఆ ఊళ్లో బతకాల్సినవాళ్లు నిర్ణయించుకోవాలి. మనం సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతాం. రాత్రి దాడి జరిగితే అక్కడ ఉండేది వాళ్లే. స్థానిక దళిత సంఘాలకు, న్యాయవాదులకు ముందుగా పరిచయం చేసి పెట్టడం మన బాధ్యత.

నివేదికలో ఏం రాయాలి?

ఎన్ని గంటలు, ఎన్ని మొక్కలు, ఎన్ని ఇళ్లు అన్నవి రాయండి, తప్పదు. వాటితోపాటు మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. వెళ్లే ముందు వాడ గురించి నేను ఏమనుకున్నాను? అందులో ఏది తప్పని తేలింది? ఈ ఊళ్లో వాడ ఇలా ఉండటం వల్ల ఎవరికి లాభం? సామాజికశాస్త్ర పుస్తకంలో కులం ఒక అధ్యాయం. ఊళ్లో అది కుళాయి దగ్గర, బడి వరండాలో, శ్మశానం దారిలో ఉంటుంది. అది కనిపించిన రోజున ఆ 180 గంటలు చదువు అవుతాయి.

అధ్యాపకులకు ఒక విన్నపం. మార్కులు వేసే ముందు వాడవాళ్లను ఒక్కమాట అడగండి: ఈ పిల్లలు మళ్లీ రావాలా? వాళ్లు చెప్పే జవాబును నివేదికకు జతచేయండి.