కింది దవడ ముందుకు: గురక వైద్యంలో ఒక హైదరాబాదు పేజీ

ఈ వారం గురక గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. "గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు" అంటే మన భాషలో హాయిగా నిద్రపోతున్నాడనే అర్థం. కుంభకర్ణుడి దగ్గర్నుంచి సినిమా కమెడియన్ల దాకా గురక మనకు నవ్వుకునే సంగతే. కానీ "సింహాసనం", "గ్యాంగ్ లీడర్" సినిమాలకు సంగీతం ఇచ్చిన బప్పీ లాహిరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో కన్నుమూసినప్పుడు, డాక్టర్లు చెప్పిన కారణం స్లీప్ ఆప్నియా. అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు.

నిద్రలో కండరాలు వదులవుతాయి. కొందరిలో నాలుక వెనక్కి జారి గొంతు దారి మూసుకుపోతుంది. పది సెకన్లో, ఇంకా ఎక్కువసేపో గాలి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి సగం లేపుతుంది, మళ్ళీ గురక మొదలు. రాత్రంతా ఇలా వందలసార్లు జరిగినా పొద్దున్నకి ఏమీ గుర్తుండదు. మిగిలేవి తలనొప్పి, పగటి కునుకు, పెరిగే రక్తపోటు.

ఈ జబ్బుకి పేరు పుట్టకముందే దాని కీలకం మత్తు ఇచ్చే డాక్టర్లకు తెలుసు. మత్తులో ఉన్న మనిషికి కూడా నాలుక ఇలాగే వెనక్కి పడుతుంది కదా! 1870లలో యూరప్‌లో హైబర్గ్, ఎస్మార్క్ అనే డాక్టర్లు కింది దవడను చేత్తో ముందుకు లాగితే ఊపిరి ఆడుతుందని రాశారు.

ఇక్కడే మన హైదరాబాదు వస్తుంది. అప్పట్లో క్లోరోఫాం ఇస్తే కొందరు ఆపరేషన్ బల్లమీదే చనిపోయేవారు. గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అని పెద్ద వివాదం. హైదరాబాదు మెడికల్ స్కూల్ నడిపిన ఎడ్వర్డ్ లారీ ఊపిరే కారణమని వాదించాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఖర్చు భరించి 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపింది. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరే వచ్చాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు. గుండెకు ప్రమాదమే లేదన్న వాళ్ళ తీర్పు తప్పని తర్వాతి శాస్త్రం తేల్చింది. కానీ వాళ్ళు డాక్టర్లకిచ్చిన సూచనల్లో ఒకటి ఈనాటికీ నిలిచింది. ఊపిరి ఇబ్బందిగా ఉంటే, కింది పళ్ళు పై పళ్ళకంటే ముందుకు వచ్చేలా దవడను జరపమన్నారు.

ఈ రోజు స్లీప్ ఆప్నియాకి డెంటిస్టులు ఇచ్చే నోటి పరికరం చేసే పని సరిగ్గా అదే. డాక్టరు చేతికి బదులు ప్లాస్టిక్ పట్టీ, అంతే తేడా. మరి చేతి నుంచి పట్టీకి రావడానికి ఎందుకు వందేళ్ళు పట్టింది?

ఎందుకంటే జబ్బేమిటో ఎవరికీ తెలియదు. ఫ్రాన్సులో పియర్ రోబాన్ 1902లోనే దవడను ముందుకు నిలిపే "మోనోబ్లాక్" అనే పరికరం చేశాడు. చిన్న దవడతో పుట్టిన పసిపిల్లలకు నాలుక వెనక్కి పడి ఊపిరాడని స్థితిని 1923లో వర్ణించాడు. పెద్దవాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 1965లో ఫ్రాన్సులో, జర్మనీలో వేరువేరుగా నిద్రను రాత్రంతా యంత్రాలతో రికార్డు చేసినప్పుడే అసలు సంగతి బయటపడింది. మొదటి వైద్యం భయంకరమైనది: గొంతుకి రంధ్రం పెట్టడం. 1981లో సిడ్నీ డాక్టరు కాలిన్ సల్లివాన్ ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ యంత్రం కనిపెట్టాడు. 1982లో చికాగోలో నాలుకను ముందుకు పట్టి ఉంచే పరికరం గురించి కార్ట్‌రైట్, శామెల్సన్ ప్రచురించారు. తర్వాత రెండేళ్ళకి జర్మనీలో మేయర్-ఎవర్ట్ దవడను ముందుకు నిలిపే పరికరం చూపించాడు. దానికి పాత ఎస్మార్క్ పేరే పెట్టారు. చేయి చేసిన పని పట్టీకి అప్పగించినట్టు ఆ పేరులోనే ఉంది.

పేషెంటు పక్కనుంచి చూస్తే ఈ చరిత్ర ఇంకోలా కనిపిస్తుంది. నాకు నిద్ర పరీక్షలో గంటకు 19 సార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. 5 నుంచి 15 దాకా స్వల్పం, 30 దాటితే తీవ్రం అంటారు కాబట్టి నాది మధ్యరకం. సీపాప్ మంచి యంత్రమే. కానీ ఇక్కడ దోహాలో గదిని పంచుకుని బతికే బ్యాచిలర్ జీవితంలో పక్క మంచం వాళ్ళ ముందు మాస్కు పెట్టుకోవాలంటే మొహమాటం, సెలవుకి ఇంటికెళ్ళేటప్పుడు మోసుకెళ్ళడం ఒక బాధ. చాలామంది యంత్రం కొని సూట్‌కేసులో దాచేస్తారు. నేను నోటి పట్టీ అడిగాను. డెంటిస్టు అచ్చు తీసుకుని చేయించి, వారాలపాటు మిల్లీమీటరు చొప్పున ముందుకు జరిపారు. మళ్ళీ పరీక్ష చేస్తే 6 వచ్చింది. అందరికీ ఇలా తగ్గుతుందని కాదు.

2013లో సిడ్నీ పరిశోధకులు ఈ రెంటినీ పోల్చారు. ఊపిరి ఆగడాన్ని సీపాప్ ఎక్కువ తగ్గించింది, పట్టీని జనం ఎక్కువ గంటలు పెట్టుకున్నారు. నెల తిరిగేసరికి ఆరోగ్య ఫలితాలు దాదాపు సమానం. పెట్టుకోని మంచి వైద్యంకన్నా పెట్టుకునే మధ్యరకం వైద్యం నయమని దీని సారం. సీపాప్ తట్టుకోలేనివారికి, వద్దనేవారికి ఈ పట్టీ ఇవ్వొచ్చని అమెరికా నిద్రవైద్య సంఘాలు 2015 మార్గదర్శకాల్లో చెప్పాయి.

ఒక జాగ్రత్త. వేడినీళ్ళలో ముంచి కొరికి అచ్చు వేసుకునే చవక పట్టీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటితో గురక శబ్దం తగ్గి, ఊపిరి మాత్రం ఆగుతూనే ఉండవచ్చు. శబ్దం పోతే జబ్బు పోయిందనుకోవడమే ప్రమాదం. ముందు నిద్ర పరీక్ష, తర్వాత డెంటిస్టు, పట్టీతో మళ్ళీ పరీక్ష. ఈ వరస తప్పకూడదు. పళ్ళు కాస్త కదలడం, దవడ నొప్పి ఉండవచ్చు. చిగుళ్ళు పాడైనవారికి, కదిలే పళ్ళున్నవారికి ఇది కుదరకపోవచ్చు. జబ్బు తీవ్రంగా ఉంటే సీపాపే మొదటి మాట.

ఖతార్‌లో తెల్లవారుజామున కంపెనీ బస్సు ఎక్కేవాళ్ళు, రాత్రి షిఫ్టులో స్టీరింగ్ పట్టేవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. పక్క మంచంలో గురక ఒక్కసారిగా ఆగి, కాసేపటికి గుక్క తిప్పుకున్నట్టు మళ్ళీ మొదలైతే, పొద్దున్నే అతనికి చెప్పండి. నిద్రలో ఉన్నవాడికి తన ఊపిరి ఆగిన సంగతి తెలియదు. తెలిసేది గదిలో మెలకువగా ఉన్న మీకే.