కోడి రామ్మూర్తినా, కరణం మల్లీశ్వరా? తరాల మధ్య పోటీ తేల్చడం ఎలా?

మాది నిమ్మాడ. మా సిక్కోలు వైపు బలం గురించి మాట వస్తే రెండు పేర్లు తప్పవు. ఒకరు 1880లలో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు. రెండో ఆవిడ ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి. ఎవరు గొప్ప?

ముందు లెక్క చూద్దాం. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో, 69 కిలోల విభాగంలో మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. కాంస్యం. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆవిడే.

రామ్మూర్తి గారు ఛాతీ పొంగించి గొలుసులు తెంపేవారు, ఛాతీ మీద ఏనుగును మోసేవారు. కానీ ఆ గొలుసు మందమెంత? సర్కస్‌లో కొలిచి రాసే రిఫరీ ఉండడు కదా. అంటే ఒకవైపు అంకె ఉంది, రెండోవైపు కథ ఉంది.

పోనీ, అంకెలు రెండువైపులా ఉంటే తేలిపోతుందా? 2021 టోక్యోలో మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో 202 కిలోలు ఎత్తింది. విభాగం బరువుతో భాగిస్తే చానుకి 4.1 రెట్లు, మల్లీశ్వరికి 3.5. చాను గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ బలం కండ మందాన్ని బట్టి పెరుగుతుంది, బరువేమో మొత్తం శరీరాన్ని బట్టి. అందుకే ఈ లెక్కలో చిన్న శరీరానికి ఎప్పుడూ లాభమే. దీన్ని సరిచేయడానికి సింక్లెయిర్ సూత్రం ఉంది. దాని గుణకాలను కూడా నాలుగేళ్లకోసారి కొత్త రికార్డులను బట్టి మారుస్తారు. శరీరాల మధ్య తేడా సర్దుతుంది గానీ, కాలాల మధ్య తేడా సర్దదు.

అసలు తేడా తలుపు దగ్గర ఉంది. రామ్మూర్తి గారు మంచి వయసులో ఉన్న 1908, 1912 ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగే లేదు. అది మళ్లీ వచ్చింది 1920లో. అప్పటికి ఆయన నలభైకి దగ్గరపడ్డారు. ఆడవాళ్లకైతే ఆ తలుపు తెరుచుకున్నదే 2000లో. మల్లీశ్వరి 1994, 95లో ప్రపంచ ఛాంపియన్. అయినా 1996లో అట్లాంటా వేదిక ఎక్కే వీలు లేదు, ఆడవాళ్ల పోటీయే పెట్టలేదు. సిడ్నీ నాటికి ఆవిడ 54 కిలోల విభాగం దాటి 69కి వచ్చేసింది.

కాబట్టి ఎవరు ఎక్కువ బరువు ఎత్తారన్నది కాదు, దొరికిన తలుపులోంచి ఎంత దూరం వెళ్లారన్నది అడగాలి. బలవంతుల్లో రామ్మూర్తి గారి పేరు చెరగదు. పోటీదారు ఎవరంటే మాత్రం నా ఓటు మల్లీశ్వరికే. స్వర్ణ, రజతాలు తెచ్చుకున్నవాళ్లు చెరో 242.5 కిలోలు ఎత్తారు. ఆఖరి ప్రయత్నంలో మల్లీశ్వరి ఏకంగా 137.5 అడిగింది. నిలిస్తే మొత్తం 247.5, స్వర్ణం. నిలవలేదు. కానీ ఎదురుగా ప్రత్యర్థి, తలమీద గడియారం, అందరూ చూస్తుండగా ఓడిపోయే అవకాశం, ఇవన్నీ ఉన్నచోట నిలబడి బంగారమే అడిగింది చూడండీ, పోటీ అంటే అది.

మీ ఓటు ఎవరికో, ఎందుకో చెప్పండి. కారణం మాత్రం తప్పకుండా రాయండి. ఉంటాను మరి.