కర్రకూ ఇనుముకూ నడుమ

"హైబ్రిడ్" అన్న మాట మా కాశీబుగ్గ ప్రాంతంలో తెలియనివారు అరుదు. ఐతే ఆ మాట చెవిన పడగానే మావాళ్ళకు తలపుకు వచ్చేది కొబ్బరిమొక్క. పొడుగు రకం ఓపికగా పెరిగి, ఆరేడేళ్ళకు గాని కాపుకు రాదు. వచ్చాక మాత్రం తరతరాలు నిలుస్తుంది. పొట్టి రకం మూడు నాలుగేళ్ళకే గెల వేస్తుంది గాని ఆయుష్షు తక్కువ. ఆ రెండింటినీ కలిపి పుట్టించినది హైబ్రిడ్. అదే మాట గోల్ఫు ఆటలో ఒక రకం కర్రకు కూడా పేరని తెలిసినవారు మా ప్రాంతంలో బహు కొద్దిమంది.

ఈ టపా ఆ రెండవ హైబ్రిడ్డును గురించి. రాయడానికి కారణం ఒక మిత్రుని ప్రశ్న. అతనిది ఉద్దానం, ఉండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రపు ఫ్రిస్కోలో. నలభై ఐదేళ్ళు దాటాక, బడిలో గోల్ఫు నేర్చుకుంటున్న కూతురితో వారానికి ఒక పూటైనా కలిసి నడవవచ్చునన్న ఆశతో ఆట మొదలుపెట్టాడు. ఒకే కంపెనీవి, రెండు ఖరీదైన హైబ్రిడ్లు చూసి పెట్టుకున్నాడు. ఒక్కొక్కటీ ఇంచుమించు మూడు వందల డాలర్లు. "చరిత్రలన్నీ తిరగేస్తుంటావు గదా, ఏది కొనమంటావో చెప్పరా" అన్నాడు. గోల్ఫు కర్ర పట్టినవాణ్ణి కాను గాని, వస్తువుల చరిత్ర అంటే నాకు మోజు. తవ్వుకుంటూ పోయాను. దొరికినది మీతో పంచుకుంటున్నాను.

గోల్ఫు పుట్టిన నేల మన ఉద్దానం నేలకు దూరపు చుట్టమని చెప్పవచ్చు. స్కాట్లండు తూర్పుతీరంలో సముద్రానికీ పంటభూములకూ మధ్య ఇసుక మేటలు, వాటి మీద పొట్టి గడ్డి, నాగలికి లొంగని నేల ఉంటాయి. దానిని అక్కడివారు లింక్స్ అంటారు. దున్నడానికి పనికిరాదు కనుక ఊరందరిదీ అయింది. పశువులు మేశాయి, గుడ్డలు ఆరాయి, ఆటలు సాగాయి. మనవారు అటువంటి ఇసుకలోనే కొబ్బరి, జీడి, పనస పెంచి, దానిని ఉద్యానవనం అనిపించుకున్నారు. వారు అక్కడ బంతి కొట్టారు.

1457లో స్కాట్లండు రాజు రెండవ జేమ్స్ ఏలుబడిలో గోల్ఫును నిషేధిస్తూ చట్టం వచ్చింది. కుర్రవాళ్ళు విలువిద్య మాని కర్రలు పట్టుకుని తిరుగుతున్నారన్నది అభియోగం. చిత్రమేమంటే, 1502లో నాలుగవ జేమ్స్ రాజు తానే పెర్త్ పట్టణంలో ఒక విల్లులు చేసేవాని వద్ద గోల్ఫు కర్రలు కొన్నట్టు ఖజానా లెక్కల్లో ఉంది. విల్లును కాపాడడానికి ఆటను నిషేధించారు. చివరికి విల్లు చేసిన చేయే ఆటకు కర్ర చేసిపెట్టింది.

ఆ రోజుల్లో ఆట దాదాపుగా కర్రదే. తోలు సంచిలో ఉడికించిన ఈకలు కూరి కుట్టిన బంతి వాడేవారు. ఒక్క బంతికి ఒక టోపీ నిండా ఈకలు పట్టేవని ప్రతీతి. ఇనుప మొన తగిలితే తోలు చిరిగిపోయేది. అందుచేత ఇనుప కర్రను గోతిలోనో, బండిజాడలోనో బంతి ఇరుక్కున్నప్పుడు తప్ప బయటికి తీసేవారు కారు. చెక్క తల చేసేవాడు వడ్రంగి; ఇనుప తల చేసేవాడు కమ్మరి. రెండు కులవృత్తుల వంటివి అవి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టేవారు కారు.

ఆ గోడ 1848 ప్రాంతంలో కూలింది. మలయా అడవుల్లోని చెట్టుపాలతో చేసిన గట్టాపెర్చా బంతి వచ్చింది. చవక, తడిస్తే పాడవదు, ఇనుముకు చిరగదు. సెంట్ ఆండ్రూస్‌లో అలన్ రాబర్ట్‌సన్ అనే మేటి ఆటగాడు ఉండేవాడు. ఈకల బంతులే అతని జీవనం. 1844లో అతని దుకాణం నుండి 2,456 బంతులు వచ్చాయని లెక్క. కొత్త బంతితో ఆడమని తన దగ్గర పనిచేసేవారి చేత ఒట్టు వేయించుకున్నాడట. అతని దగ్గర పనిచేసిన టామ్ మోరిస్ ఒకనాడు తన బంతులు అయిపోయి, తోటివాడిచ్చిన గట్టాపెర్చా బంతితో ఆట పూర్తిచేశాడు. అది తెలిసి ఇద్దరికీ చెడింది. మోరిస్ 1851లో ప్రెస్ట్‌విక్ వెళ్ళిపోయాడు. అక్కడే 1860లో ఓపెన్ పోటీలు మొదలయ్యాయి. తరువాతి ఏడేళ్ళలో మోరిస్ వాటిని నాలుగుసార్లు గెలిచాడు. రాబర్ట్‌సన్ సైతం చివరకు కొత్త బంతికి లొంగక తప్పలేదు. లొంగిన తరువాత, సన్నని ఇనుప క్లీక్‌తో బంతిని గురి చూసి జెండా దగ్గరకు చేర్చడంలో అందరికీ దారి చూపింది అతనే.

ఇక్కడ ఒక్క మాట. చెట్టుపాలకు గిరాకీ పెరిగి, సముద్రం అడుగున వేసే తంతితీగల పూతకోసం ఆ చెట్లను మూకుమ్మడిగా నరికేశారు. బంతి వాటా అందులో కొద్దిదే. ఐనా ఒక ఊరి పేదవాడికి బంతి చవకైన కథ వెనుక మరొక ఊరి అడవి పోయిన కథ ఉందని మరువరాదు.

ఇనుము ఇలా ఆటలోకి వచ్చింది గాని కర్ర పోలేదు. పైగా అమెరికా నుండి రెండు కొత్త చెక్కలు వచ్చాయి. కాండానికి హికరీ, తలకు పెర్సిమన్. ఈ రెండవది మనకు పరాయిది కాదు. శ్రీకాకుళం ఏజెన్సీలో వేసవి వచ్చిందంటే గిరిజనులు కోసి కట్టలు కట్టే తునికాకు, అదే బీడీ ఆకు, ఏ చెట్టుదో ఆ తునికి చెట్టూ, ఈ పెర్సిమన్నూ ఒకే ప్రజాతికి చెందినవి. డయోస్పైరోస్ అంటారు శాస్త్రజ్ఞులు. మనవద్ద ఆకు పొగకు పోయింది. అక్కడ కలప ఆటకు పోయింది. ఆ కలప గట్టిది, బంతి దెబ్బకు పగలదు. ఇరవయ్యో శతాబ్దంలో దాదాపు ఎనభై ఏళ్ళు మేటి ఆటగాళ్ళందరి చేతా అదే.

కాండం మాత్రం ముందే మారింది. ఉక్కు కాండాన్ని అమెరికా సంఘం 1924లోనూ, సెంట్ ఆండ్రూస్ పెద్దలు 1929లోనూ ఒప్పుకున్నారు. హికరీ కాండానికి మెలి ఉండేది. ప్రతి కర్రకూ దాని గుణం వేరు. ఉక్కు వచ్చాక అన్నీ ఒక్కలాగే ఉండేట్టు తయారుచేయడం కుదిరింది. కర్రలకు ముద్దుపేర్లు పోయి అంకెలు వచ్చాయి. అంగడిలో డజన్లకొద్దీ అమ్ముడుపోవడంతో ఆటగాళ్ళ సంచీ బరువెక్కింది. పాతికకు పైగా కర్రలు మోయించినవారున్నారు. మోసేది ఎవరు? క్యాడీ కుర్రవాడు! ఆఖరికి 1938లో అమెరికాలోనూ, మరుసటి ఏడు బ్రిటన్‌లోనూ నియమం పెట్టారు. సంచిలో పద్నాలుగుకు మించరాదు.

నా మిత్రుని ప్రశ్నకు మూలం నిజానికి ఈ నియమంలో ఉంది. హద్దు లేని చోట ఎంపిక లేదు. పద్నాలుగే అన్నప్పుడు ప్రతి కర్రా తన చోటును సంపాదించుకోవాలి.

అలా చూస్తే అన్నిటికంటే దండుగమారివి పొడుగు ఇనుములు. రెండు, మూడు, నాలుగు అంకెలవి. వాటి తల పలుచన. ముఖం దాదాపు నిటారు. నేలమీద ఉన్న బంతిని గాలిలోకి లేపాలంటే చేతిలో వేగమూ, దెబ్బలో నిక్కచ్చీ రెండూ ఉండాలి. అవి పదిమందిలో ఒకరికి ఉంటే గొప్ప. చెక్కతల కర్రకు బరువు వెనుకకు ఉంటుంది కనుక బంతి సులువుగా లేస్తుంది. ఐతే కాండం పొడుగు, తల పెద్దది, గడ్డిలో చిక్కుకుంటుంది. రెండింటి నడుమా ఒక ఖాళీ ఉన్నదని పాతవారికీ తెలుసు. నూరేళ్ళ కిందటే చెక్క క్లీక్ అనే చిన్నతల కర్ర ఉండేది. 1975లో కోబ్రా కంపెనీ బాఫ్లర్ అని, అడుగున రెండు పట్టాలున్న కర్రను తెచ్చింది. అవి గడ్డిని చీల్చుకుంటూ జారేవి.

ఇంతలో కర్రే ఇనుమైంది. 1979లో గ్యారీ ఆడమ్స్ అనే అమెరికన్ వర్తకుడు ఇల్లు తాకట్టుపెట్టి, లోహపు తలతో డ్రైవర్ చేసి, టేలర్‌మేడ్ అనే కంపెనీ స్థాపించాడు. దానిని పరిహాసంగా పిట్స్‌బర్గ్ పెర్సిమన్ అనేవారు. పిట్స్‌బర్గ్ ఉక్కుకు పేరు గనుక. పరిహాసం పదేళ్ళు నిలవలేదు. పెర్సిమన్ తలలు చెక్కే పనివారి చేతులు ఖాళీ అయ్యాయి. ఇప్పటికీ ఆ లోహపు తలలను "వుడ్స్" అనే పిలవడం భాష చేసే వింత.

బోలు లోహపు తల వచ్చాక బరువును కావలసిన చోట పెట్టడం సాధ్యమైంది. టెక్సాస్‌లోని ప్లేనోలో బార్నీ ఆడమ్స్ (పై ఆడమ్స్‌కు బంధువు కాడు) 1990ల నడుమ టైట్ లైస్ అనే పొట్టితల కర్రను తెచ్చాడు. ఈ ప్లేనో, పక్కనే ఉన్న ఫ్రిస్కో నేడు తెలుగువారికి సుపరిచితమైన ఊళ్ళు. 2000 ప్రాంతాల్లో టేలర్‌మేడ్ రెస్క్యూ అనే పేరుతో పూర్తి హైబ్రిడ్డును అమ్మింది. ఈ రెండు కంపెనీలూ కొన్నాళ్ళు పోటాపోటీగా సాగాయి. 2012లో మొదటిదానిని రెండవది ఏడు కోట్ల డాలర్లకు కొనేసింది. గెలిచినవాడు ఓడినవాణ్ణి ఇంట్లో పెట్టుకోవడం కంపెనీల లోకపు ఆనవాయితీ.

మొదట్లో నిపుణులు దీనిని ముసలివాళ్ళ కర్ర అని తీసిపారేశారు. 2004లో రాయల్ ట్రూన్‌లో టాడ్ హామిల్టన్ అనే పేరులేని ఆటగాడు, ప్లేఆఫ్‌లో ఎర్నీ ఎల్స్ మీద చివరి దెబ్బకు ముందు, హైబ్రిడ్డుతో బంతిని నేలమీద దొర్లించి ఓపెన్ గెలిచాడు. 2009 పీజీఏ పోటీలో చివరి గుంత వద్ద కొరియా దేశస్థుడు వై.ఇ. యాంగ్ రెండు వందల గజాల పైనుండి హైబ్రిడ్డుతోనే బంతిని జెండా పక్కన దించి, టైగర్ వుడ్స్‌ను ఓడించాడు. పురుషుల మేజర్ గెలిచిన తొలి ఆసియా వాసి అతనే. వెక్కిరింతలు ఆగిపోయాయి.

ఇక ప్రశ్నకు వస్తాను. మిత్రుడు ఎంచుకున్న జత వంటివి టైట్‌లిస్ట్ కంపెనీ చాలాకాలంగా చేస్తోంది. 2017లో వచ్చిన 818 శ్రేణిలో హెచ్1, హెచ్2 అని రెండు. ఒకటి పెద్దతలది, వుడ్ పోలిక. రెండవది చిన్నతలది, ఇనుము పోలిక. అంటే కర్రకూ ఇనుముకూ పుట్టిన బిడ్డల్లో ఒకటి తల్లిని పోలింది, ఒకటి తండ్రిని పోలింది. అయిదు వందల ఏళ్ళ పాత తగవు అలా సంకరజాతిలోకీ దిగింది. ఏది మేలు అన్నది ఖరీదు చెప్పదు, చేయి చెబుతుంది. చీపురుతో వాకిలి ఊడ్చినట్టు బంతిని అడ్డంగా తుడుచుకుపోయే చేతికి పెద్దతల. గొడ్డలితో కట్టె కొట్టినట్టు పైనుండి కిందికి దించే చేతికి చిన్నతల. తిరగేస్తే రెండూ దండుగే.

ఈ మాట ఫోనులో చెబుతుండగా మిత్రుడు నవ్వాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి వాళ్ళ కొబ్బరితోట నేలకొరిగింది. ఆ తరువాత నాలుగు నెలలు తండ్రి ప్రతి ఫోనులోనూ ఒకటే అడిగేవాడట: "పొడుగు రకం ఎయ్యమంతావా, హైబ్రిడ్డు ఎయ్యమంతావా?" డెబ్భై ఏళ్ళ మనిషికి అది కర్ర కొనడం వంటి ప్రశ్న కాదు. పొడుగు రకం వేస్తే కాపు తాను చూస్తాడో లేదో; హైబ్రిడ్డు వేస్తే నీళ్ళూ ఎరువూ ఎవరు పెడతారో. కొడుకు కొన్ని వేల మైళ్ళ దూరంలో ఉన్నాడు. ఆఖరికి ఆయన సగం అదీ సగం ఇదీ వేశాడు. సంచిలో పద్నాలుగు చోట్లే ఉన్నవాడి ఎంపిక వేరు. జీవితంలో ఒక్క తోటే మిగిలినవాడి ఎంపిక వేరు.

మన దేశంలో గోల్ఫు పాతదే. కలకత్తా క్లబ్బు 1829 నాటిది. బ్రిటిష్ దీవుల బయట అంతకు పాతది లేదు. మా ఊరికి రైలులో కొద్ది గంటల దూరాన విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ క్లబ్బు పందొమ్మిదో శతాబ్దిదే. ఐతే చాలాకాలం మనవారి పాత్ర సంచీ మోయడమే. ఆ సంచీ మోసినవారిలోంచే ఢిల్లీ క్యాడీ ఆలీ షేర్ లేచి, 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ వృత్తి ఆటగాడయ్యాడు. హైదరాబాదు నుండి వలసవెళ్ళిన తెలుగు దంపతుల కొడుకు సాహిత్ తీగల 2023లో కాలిఫోర్నియాలో పీజీఏ టూర్ పోటీ గెలిచాడు. మరుసటి ఏడు టూర్ ఛాంపియన్‌షిప్‌లో, ఇసుకగుంతలో తన కర్ర ఇసుకను తాకిందని తానే చెప్పి, రెండు దెబ్బల శిక్ష తానే వేయించుకున్నాడు. ఐనా మూడవ స్థానంలో నిలిచాడు. కర్ర ఏ కంపెనీదైనా, ఆ మాట చెప్పించేది మాత్రం అంగడిలో దొరకదు.

మిత్రునికి నా తీర్పు ఇది: నీది ఊడ్చే చెయ్యి, పెద్దతలదే కొను. కొనేముందు రెండూ పట్టి ఇరవై బంతులు కొట్టిచూడు. వీలైతే పోయినేటి మోడలు తీసుకో. చాలా చవక, బంతికి సంవత్సరం తెలియదు. మిగిలిన డబ్బుతో కూతురికి నాలుగు పాఠాలు ఎక్కువ చెప్పించు.

మీలో గోల్ఫు ఆడేవారుంటే, మీ చెయ్యి ఊడ్చేదో నరికేదో చెప్పండి. తునికి చేవతో బొంగరమో, కర్రా బిళ్ళో చేసుకుని ఆడిన జ్ఞాపకం ఉన్నవారు చెబితే మరీ సంతోషం.