కూలి: రెండక్షరాల బాకీ

కూలి రెండక్షరాల మాట. చేసిన పనికిచ్చే పైసలకూ అదే పేరు, పని చేసే మనిషికీ అదే పేరు. చివరి అక్షరానికి దీర్ఘమిస్తే మనిషి, ఇవ్వకపోతే డబ్బు అని పత్రికలు తేడా పాటిస్తాయి గానీ నోటి మాటలో ఆ తేడా నిలవదు. ఇవ్వవలసిన దాని పేరు, పుచ్చుకునే మనిషి పేరుగా ఎలా మారింది? ఆ మార్పులో ఎవరేం పోగొట్టుకున్నారు? సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా పొద్దున్నే షేర్ ఆటోల్లో కిక్కిరిసి పనికి పోయే ఆడవాళ్ళ మాటలు వింటున్నప్పుడల్లా నాకు ఈ ప్రశ్న ఎదురవుతుంది.

తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నాలుగింటిలోనూ ఈ మాట ఉంది. నాలుగింటిలోనూ దాని పాత అర్థం ప్రతిఫలమే. తిరుక్కురళ్‌లో సైతం కూలి అంటే ఒళ్ళు వంచి చేసిన శ్రమకు దక్కే ఫలం. అంటే ఈ మాట మొదట మనిషిని పిలవలేదు, మనిషికి రావలసిన దానిని పిలిచింది.

1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు బ్రిటిష్ పండితులు హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువు వేశారు. వలస పాలకుల నోళ్ళలో నలిగిన మన మాటల పుట్ట అది. అందులో ‘కూలీ’కి మూలం వెతుకుతూ వాళ్ళు మూడు వైపులకు వెళ్ళారు: గుజరాత్ ప్రాంతపు కోలి అనే జనం పేరు, బానిస అనే అర్థమున్న తుర్కీ మాట, దక్షిణాది కూలి. భాషా శాస్త్రంగా ఇందులో ఏది నెగ్గుతుందన్నది వేరే చర్చ. నాకు ఆసక్తి కలిగించేది ఆ మూడూ పక్కపక్కన నిలబడటం. ఒకటి పుట్టుక, ఒకటి దాస్యం, ఒకటి వేతనం. ఓడలెక్కి దేశాలు తిరిగిన ‘కూలీ’లో మొదటి రెండు అర్థాలే బతికాయి. వేతనం దారిలో జారిపోయింది. చీనావాళ్ళు ఈ మాటను తమ లిపిలో రాసుకునేటప్పుడు కష్టం, బలం అనే అర్థాలున్న రెండు అక్షరాలు ఎంచుకున్నారు. అందులోనూ చాకిరీ ఉంది, డబ్బు లేదు.

పరాయి భాషల నుంచి మాటలు తీసుకోవడం ఇంగ్లీషుకు కొత్త కాదు. మనం ఊరేగింపుల్లో వాడే స్లోగన్ అనే మాట స్కాట్లండు గేలిక్ నుంచి వచ్చింది. అక్కడ సైన్యం, కేక అనే రెండు మాటలు కలిసి యుద్ధానికి పోయేవాళ్ళ అరుపైంది. ఇవాళ సబ్బు బిళ్ళకు కూడా స్లోగన్ ఉంది. ఆ మాటలో పదును పోయిందంతే. మన మాటలో మాత్రం బాకీయే మాయమైంది. ఇవ్వవలసినవాడు తాను ఇవ్వవలసిన దాని పేరును ఎదుటి మనిషి నుదుట అంటించి, ఆ పేరుతోనే తిట్టాడు.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేసిన చట్టం 1834లో అమల్లోకి వచ్చింది. ఆ ఏడే ఒప్పందపు పనివాళ్ళతో ఓడలు మారిషస్‌కు కదిలాయి. 1860లో మద్రాసు నుంచి నాటల్‌కు మొదటి ఓడ వెళ్ళింది. నాటల్ చెరకు తోటలకు వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు. దక్షిణాఫ్రికాలో లాయరు గాంధీని సైతం కూలీ బారిస్టరనే అన్నారు. నూరుగురు మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళు చొప్పున ఎక్కించాలని ఓడలకు లెక్క పెట్టారు. ఆ లెక్క నింపడానికి ఎక్కించిన ఆడవాళ్ళ మీదే మళ్ళీ చెడిపోయినవాళ్ళన్న ముద్ర వేశారు. 1903లో గర్భిణిగా ఒంటరిగా కలకత్తాలో ఓడెక్కి బ్రిటిష్ గయానాకు చేరిన తన ముత్తవ్వ కథను గాయత్రా బహదూర్ 2013లో పుస్తకంగా తెచ్చారు. పేరు ‘కూలీ వుమన్’. తిట్టును పుస్తకం పేరుగా పెట్టడం ఆ ముత్తవ్వల కష్టాన్ని లెక్కలోకి తేవడమే.

మళ్ళీ మన గడ్డకు వస్తే, తెలంగాణ ఊళ్ళలో ఈ మాట ఇంకో రూపంలో వినిపిస్తుంది: కైకిలి. కై అంటే చెయ్యి. కైకిలికి పోవుడు అంటే చేతి కష్టం మీద బతకడం. నిజాం కాలంలో కైకిలికి ఎదురుగా నిలిచిన మాట వెట్టి. దొర గడీలో వడ్లు దంచినా, నీళ్ళు మోసినా, బాలింత అయి ఉండి పసిబిడ్డను వదిలి పొలానికి పోయినా వెట్టిలో పైస లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో వెట్టి పోవాలన్న మాటకు ఆడవాళ్ళు ఎందుకు కదిలారో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివితే తెలుస్తుంది. ఆ పోరాటాన్ని చూసినవాళ్ళకు కూలి చిన్నతనం కాదు, హక్కు. కూలి అడగగలగడమే ఒక గెలుపు.

1970లలో పటాన్‌చెరు చుట్టూ పారిశ్రామికవాడ లేచింది. రసాయనాల, మందుల కంపెనీలు వదిలిన నీళ్ళు నక్కవాగులో, చెరువుల్లో కలిశాయి. 1990లో విషయం సుప్రీంకోర్టుకు ఎక్కింది. పంట పోయిన రైతుకు నష్టపరిహారం అన్నారు. పొలం లేని, ఆ పొలంలో నాట్లు వేసి కలుపు తీసి కైకిలి తెచ్చుకునే ఆడమనిషి పోగొట్టుకున్న దానికి పట్టాపుస్తకం లేదు. ఆమెను లెక్కించడానికి ఏ కాగితమూ లేదు. తర్వాత ఆమే ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడింది. ఇక్కడ ఆమె పేరు లేబర్, హెల్పర్, కాంట్రాక్టు మనిషి. పేరు మారినా ఆడకూలి, మగకూలి అనే రెండు ధరల అలవాటు మారలేదు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి వేతన స్మృతి 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. అయినా మూట బరువైతే మగపని, ఏరడం, కట్టడం, ఊడ్వడం అయితే ఆడపని అని విడదీస్తే చాలు, పనులు వేరు కాబట్టి ధరలు వేరు అని చెప్పుకోవచ్చు.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి మందుల ఫ్యాక్టరీ పేలింది. భవనం కూలింది. నలభై మందికి పైగా చనిపోయారు. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన వలస కార్మికులు వారిలో ఎందరో. ఆడవాళ్ళూ ఉన్నారు. శవాలను పోల్చుకోవడానికి డి.ఎన్.ఎ. పరీక్షలు చేయవలసి వచ్చింది. బతికుండగా కాంట్రాక్టరు కాగితంలో ఒక అంకె, పోయాక పరిహారం లెక్కలో ఇంకో అంకె. మధ్యలో ఉన్న మనిషికి పేరు తెచ్చిపెట్టడానికి నెత్తుటి చుక్కలు కావలసి వచ్చాయి. భాషలో కూలడం, కూలి వేర్వేరు మాటలే. అయినా ఆ రోజు వార్తల్లో ఆ రెండూ పక్కపక్కన చదివితే గుండె పట్టేసింది.

చదువుకున్న మనం సున్నితత్వం పేరిట కూలీ అనే మాట మానేసి శ్రామికురాలు అని రాస్తున్నాం. తిట్టుగా వాడిన మాటను వదులుకోవడం న్యాయమే. కానీ ఆ మాటతోపాటు అందులోని బాకీని కూడా వదిలేస్తున్నామేమో చూసుకోవాలి. శ్రామికురాలు అన్నప్పుడు ఆమె చేసేది కనిపిస్తుంది, ఆమెకు రావలసింది కనిపించదు. ఫ్యాక్టరీ నుంచి తిరిగొచ్చాక ఆమె ఇంట్లో చేసే చాకిరీకైతే కూలి అన్న మాటే ఎవరూ ఎత్తరు. నేను ఆటోల్లో వినే మాటల్లో మాత్రం ఆ పాత అర్థం చెక్కు చెదరలేదు. కైకిలికి పోతున్నం అంటారు గానీ మేం కూలీలం అని తమకు తాము పేరు పెట్టుకోవడం అరుదు. కూలి ఎంత, ఎప్పుడిస్తరు, నిరుటి కంటే పెంచిండ్రా అని అడుగుతారు. వాళ్ళ నోట కూలి అంటే ఇంకా అవతలివాడు ఇవ్వవలసిందే. నిఘంటువుల్లో మొదటి అర్థంగా నిలవవలసింది కూడా అదే.