కాన్పులో జఘన సంధి విడిపోవడం

కటి వలయం ముందు భాగంలో కుడి, ఎడమ జఘనాస్థులు కలిసే కీలు జఘన సంధి. డాక్టర్లు ప్యూబిక్ సింఫిసిస్ అంటారు. ఎముకల మధ్య మృదులాస్థి బిళ్ల, చుట్టూ గట్టి లిగమెంట్లు ఉంటాయి. మామూలుగా సందు 4–5 మిల్లీమీటర్లు. గర్భంతో ఉన్నప్పుడు రిలాక్సిన్ వంటి హార్మోన్ల ప్రభావంతో లిగమెంట్లు సడలి, ఆ సందు ఇంకో 2–3 మి.మీ. పెరగడం సహజమే. కాన్పు సమయంలో అది 10 మి.మీ. దాటితే కీలు విడిపోయినట్టు లెక్క. అప్పుడు వెనక వైపున్న త్రికాస్థి కీళ్లు కూడా దెబ్బతినవచ్చు.

బిడ్డ పెద్దదైనా, తల మరీ వేగంగా దిగినా, ఫోర్సెప్స్ వాడినా, తొడలను బలంగా వంచి విడదీసి పట్టుకున్నా ఈ ముప్పు ఎక్కువ. ఏ కారణమూ దొరకని కేసులూ ఉన్నాయి. బిడ్డ బయటికి వస్తుండగా లోపల టక్కుమందని కొందరు తల్లులు చెబుతారు. ఎపిడ్యూరల్ మత్తులో ఉన్నవారికి నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది.

గాయాన్ని పట్టించేది బాలింత కదలికే. వెల్లకిలా పడుకుంటే కాలు పైకెత్తలేదు. పక్కనున్న బిడ్డ వైపు ఒత్తిగిలాలన్నా మంచం పట్టె పట్టుకుని ఒళ్లంతా ఒకేసారి తిప్పుకోవాలి. లేచి నిలబడగలిగితే అడుగులు బాతు నడకలా పడతాయి. ‘పచ్చి ఒళ్లు, నొప్పులు మామూలే’ అని ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి ఆసుపత్రివాళ్లూ సర్దిచెప్పడం ఆమెకు జరిగే పెద్ద అన్యాయం. ఒక్క ఎక్స్‌రేతో చాలావరకు తేలిపోయే గాయమిది.

ఎక్కువమందికి ఆపరేషన్ అవసరం రాదు. నొప్పి మందులు, పక్కకు తిరిగి పడుకోవడం, వాకర్, ఫిజియోథెరపీతో పాటు పెల్విక్ బెల్టు వాడతారు. మన ఇళ్లలో బాలింతకు కట్టే నడికట్టు పొట్ట మీద ఉంటుంది. ఈ బెల్టు అంతకంటే కిందికి, తుంటి పక్కన చేతికి తగిలే ఎముక ఎత్తున బిగించాలి. మంచం పట్టినవారికి కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా చూడాలి. సందు మరీ పెద్దదైనా, నెలలు గడిచినా కీలు నిలకడగా లేకపోయినా ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు.

ఇదే కీలును కావాలని కోసిన చరిత్రా ఉంది. 1777లో పారిస్‌లో ఝాఁ రెనే సిగో కాన్పు కోసం సింఫిసియోటమీ చేశాడు. సిజేరియన్ సురక్షితమయ్యాక కూడా ఐర్లండ్‌లో 1940ల నుంచి 1980ల వరకు సుమారు 1,500 మందికి, చాలామందికి చెప్పకుండానే, ఈ కోత పెట్టారు. నడక దెబ్బతిని, మూత్రం ఆపుకోలేక దశాబ్దాలు బాధపడ్డామని వారిలో ఎందరో చెప్పారు. ప్రభుత్వం 2014లో పరిహార పథకం తెచ్చింది.

కాన్పులో దానంతటదే విడిన కీలు చాలామందిలో వారాల నుంచి కొన్ని నెలల్లో కుదుటపడుతుంది. మళ్లీ గర్భం వస్తే నొప్పి తిరగబెట్టవచ్చు కాబట్టి పాత గాయం సంగతి డాక్టరుకు మొదట్లోనే చెప్పాలి.